ఇంటికిని ఇంటికిని నడుమ

మనుష్యుడు గోడ పెట్ట నేర్చిన నాటనుండియు నాతనికి రెండు చింతలు గలిగినవి. తన గోడ నిలుచునా యనునది మొదటిది. పొరుగువాని గోడ తన గాలిని వెలుతురును మ్రింగునా యనునది రెండవది. మొదటి చింతకు తాపీవాడును వడ్రంగియు సమాధానము చెప్పిరి. రెండవదానికి సమాధానము చెప్పవలసినవాడు ధర్మశాస్త్రకారుడు. ఆతడు చెప్పిన సమాధానము కాలమునుబట్టియు దేశమునుబట్టియు మారుచు వచ్చినది. ఆ మార్పుల చరిత్రమును సంగ్రహముగా జెప్పుట యీ వ్యాసమున కుద్దేశము.

నేడు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని పట్టణములందు తరచుగా జరుగు విచారణ యొకటి గలదు. ఒక గృహనిర్మాత పాతయిల్లొక్కటి యున్న నివేశనస్థలమును గొని, దానిని పడగొట్టి, అచ్చట నాలుగు టౌన్‌హౌసులు, అనగా ఉమ్మడి గోడలతో నొకదానినొకటి యంటియుండు మేడయిండ్లు, వరుసగా గట్టదలచును. ఆ పట్టణపు జోనింగు శాసనము వీథినుండి యిన్ని యడుగులు, పెరటి సరిహద్దునుండి యిన్ని యడుగులు, ఇరుప్రక్కల నిన్ని యడుగులు విడిచి కట్టవలెనని నియమించియుండును. ఆ విడిచిన స్థలమునకు సెట్‌బ్యాక్ అని పేరు. మనము దానిని ఎడము అందము. నిర్మాత తన వరుసకు పదియడుగులు చాలలేదని చెప్పి ఆ మేరకు నియమమును సడలింపుడని దరఖాస్తు పెట్టుకొనును. ఆ సడలింపునకు వేరియన్స్ అని పేరు. పొరుగువారికి నోటీసులు పోవును. ఒకనాటి సాయంకాలము బహిరంగ సభ జరుగును. కొందరు అనుకూలముగను, పెక్కుమంది ప్రతికూలముగను మాటలాడుదురు.

పది యడుగులకై యింత రభస యేల యని మన కాశ్చర్యము కలుగవచ్చును. కాని యా పది యడుగుల వెనుక రెండువేల యేండ్లకు మించిన యాలోచన యున్నది. అందు అగ్నిభయము, రోగభయము, వెలుతురుపై గల యాశ యున్నవి. వానితోపాటు, పైకి చెప్పుకొన నిష్టపడని మఱియొక భయమును గలదు. దానిని గూర్చి ముందు చెప్పెదను.

ప్రాచీనుల యెడము

మన దేశమున నీ విషయమును గూర్చి స్పష్టముగా మాటలాడిన గ్రంథము కౌటిల్యుని యర్థశాస్త్రము. ఇది చిరకాలము మఱుగుపడియుండి, 1909 వ సంవత్సరమున మైసూరునందు ఆర్. శామశాస్త్రిగారిచే నచ్చువేయబడి మరల వెలుగు చూచినది. దాని మూడవ యధికరణమున వాస్తువివాదముల ప్రకరణ మున్నది. ఇండ్లకు పొలములకు సంబంధించిన తగవులు పొరుగువారి సాక్ష్యముమీద తీరవలెనని కౌటిల్యుడు మొదటనే చెప్పినాడు. ఇంటికిని ఇంటికిని నడుమ నుండవలసిన సందును, చూరులకు నడుమ నాలుగంగుళముల యెడమును, వెలుతురుకొఱకు గోడలో ఎత్తున నుంచదగిన చిన్న కిటికీని ఆతడు విధించెను. నీరు పోవు కాలువ పొరుగు గోడకు హాని చేయరాదు. పొయ్యి, తిరుగలి, రోలు మొదలగువాని స్థానమునకు గూడ నియమము గలదు.

ఈ నియమములన్నియు చెప్పి కౌటిల్యుడు చివర నొక మాట చేర్చినాడు. ఇంటివారందరు గలిసి సమ్మతించిరేని తమ యిష్టము వచ్చినట్లు కట్టుకొనవచ్చును. కాని యనిష్టమును మాత్రము నివారింపవలెను. ఈ వాక్యమును చదువరులు గుర్తుంచుకొనవలెను. నియమ మొకటి, దాని సడలింపొకటి, ఆ సడలింపునకు హద్దొకటి, ఈ మూడును ఇందు గలవు. ఇప్పటి వేరియన్స్ విచారణలో జరుగు వాదమంతయు నీ మూడింటి చుట్టును తిరుగుచుండును.

రోమకులును ఈ విషయమున వెనుకబడియుండలేదు. క్రీస్తుపూర్వ మైదవ శతాబ్దిలో వెలసిన వారి పండ్రెండు ఫలకముల ధర్మము ప్రతి యింటిచుట్టును రెండున్నర యడుగులు విడువవలెనని చెప్పెను. కాని నగరము పెరిగినకొలది ఆ నియమము మూలబడినది. ఇండ్లు గోడకు గోడ తగులుకొని పెరిగినవి. క్రీ. శ. 64 లో రోముపట్టణమున మహాగ్ని చెలరేగి పట్టణమున బహుభాగమును దహించెను. పిమ్మట నీరో చక్రవర్తి వీథులను వెడల్పు చేయించి, ఇండ్ల యెత్తునకు మితి విధించి, ఉమ్మడి గోడలను నిషేధించి, ఇంటింటికిని సొంతగోడ లుండవలెనని శాసించెను.

ఈ సంస్కారమును వర్ణించిన టాసిటసు అను చరిత్రకారు డొక చిత్రమైన సంగతి వ్రాసినాడు. కొందఱు పౌరులకు పాతపద్ధతియే మేలని తోచినదట. ఇరుకువీథులును ఎత్తయిన యిండ్లును ఎండను రానీయకుండెననియు, వెడల్పు వీథులలో నీడ లేక యెండ కాల్చుచున్నదనియు వారి మొఱ. ఎడ మెల్లవారికి మేలే చేయునని యెంచరాదని యప్పుడే తేలినది. ఎండ తీవ్రముగా నుండు దేశమున నెడముయొక్క విలువ వేఱు. మంచు కురియు దేశమున వేఱు. ఒకచోటి కొలతను మఱియొకచోట గ్రుడ్డిగా నాటరాదను పాఠ మిది.

లండను నేర్పిన పాఠము

ఆంగ్లేయుల గృహనిర్మాణ ధర్మమునకు గూడ నగ్నియే గురువు. 1666 సెప్టెంబరు 2 వ తేదీన లండనులో రొట్టెలవాని యింట పుట్టిన నిప్పు నాలుగు దినములలో సుమారు 13,200 ఇండ్లను బూడిద చేసెను. ఆ యిండ్లలో పెక్కులు కొయ్యవి. పై యంతస్తులు వీథిమీదికి ముందునకు పొడుచుకొనివచ్చి, ఎదురింటి పై యంతస్తును దాదాపుగా తాకుచుండెను. క్రింద వీథి యున్నను పైన ఎడము లేదు. నిప్పు మీదిమీదనే దాటిపోయినది.

1667 లో పార్లమెంటు చేసిన పునర్నిర్మాణ శాసనము కొయ్యను నిషేధించి యిటుకను రాతిని విధించెను. వీథిమీదికి పొడుచుకొనివచ్చు కట్టడములను మాన్పెను. సందులలో రెండంతస్తులు, మంచి వీథులలో మూడు, రాజవీథులలో నాలుగు అని యిండ్లను తరగతులుగా విభజించి, ప్రతి తరగతికి గోడమందమును నిర్ణయించెను. ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి గలదు. నీరో ఉమ్మడి గోడను నిషేధించెను. లండనువారు దానినే దిద్దుకొనిరి. ఇరువురి నడుమ నున్న యిటుకగోడ తగినంత మందముగా నుండినచో, అది నిప్పునకు అడ్డుకట్ట యగునని వారు గ్రహించిరి. నేటి టౌన్‌హౌసునకు ఆధారమైన సూత్ర మిదియే. ఎడముచేత సాధింపదగిన పనులలో కొన్నింటిని మంచి గోడయు సాధింపగలదు.

ఆ కాలముననే, కాలిపోయిన యిండ్ల యజమానులకును అద్దెవారికిని నడుమ పుట్టిన వివాదములను తీర్చుటకు ప్రత్యేక న్యాయస్థాన మొకటి యేర్పడెను. ఎవరు కట్టవలెను, ఎవ రెంత యీయవలెను అను ప్రశ్నలను న్యాయాధిపతులు త్వరగా విని, అక్షరమునకన్న న్యాయమున కెక్కువ విలువనిచ్చి తీర్చిరి. పట్టణము వేగముగా మరల లేచుట కిది మిక్కిలి తోడ్పడినది. నియమము కఠినముగా నుండవచ్చును. దానిని వర్తింపజేయుచోట మనుష్యుని కష్టమును వినుచెవి యొకటి యుండవలెను.

వరుసయిండ్లనుండి విడియిండ్లకు

ఇంగ్లండునుండి వలసపోయినవారు అమెరికాలో కట్టుకొన్న పట్టణములలో కొన్ని వరుసయిండ్ల పట్టణములు. ఫిలడెల్ఫియా, బాల్టిమోరు, బోస్టను నగరములలో నట్టి యిండ్లు వేలకొలదిగ నేటికిని నిలిచియున్నవి. ఫిలడెల్ఫియాలోని ఎల్‌ఫ్రెత్సు ఆలీ యను చిన్న సందు పదునెనిమిదవ శతాబ్ది యారంభముననే వెలసినది. అచ్చటి యిండ్లకు వీథికిని గుమ్మమునకును నడుమ వాకిలి లేదు. ప్రక్కల సందు లేదు. అందు నేటికిని జనులు కాపురమున్నారు. చూచుటకు యాత్రికులు వచ్చుచున్నారు. విచిత్ర మేమనగా, జోనింగు శాసనములు వ్యాపించిన పిదప అమెరికాలోని పెక్కు శివారు పట్టణములందు అట్టి సందును క్రొత్తగా గట్టుటకు చట్ట మొప్పుకొనదు.

ఈ మార్పునకు కారణములు రెండు. పంతొమ్మిదవ శతాబ్దిని న్యూయార్కువంటి నగరములలో బీదలకొఱకు లేచిన అద్దెమేడలు చీకటికొట్లై క్షయకు నిలయము లయ్యెను. 1879 లోను 1901 లోను అద్దెమేడలకు శాసనములు చేసి, గదులకు వెలుతురు, ఇంటివెనుక ఖాళీ విడుచుట విధించిరి. ఇది మొదటి కారణము. ఇందు లోపము పట్టుటకు వీలులేదు. గాలియాడని గదిలో బిడ్డ చచ్చుచుండగా స్వామ్యహక్కును గూర్చి ప్రసంగించుట ధర్మము కాదు. రెండవ కారణము ట్రాముబండియు, పిదప మోటారుబండియు. ఇవి వచ్చినమీదట ధనికులును మధ్యతరగతివారును నగరము విడిచి, దూరమున తోటనడుమ విడిగా నిల్లు కట్టుకొనగలిగిరి. ఆ తోటను ఆ దూరమును శాశ్వతము చేసికొనవలెనను కోరిక వారికి గలిగినది.

1915 లో న్యూయార్కునందు ఈక్విటబుల్ బిల్డింగు అను మహాసౌధము ముగిసినది. ఒక యెకరమునకు లోబడిన స్థలముమీద 12 లక్షల చదరపుటడుగుల నేల గలుగునట్లు అది నిట్టనిలువుగా లేచి, చుట్టుపట్ల మేడలను నీడలో ముంచెను. మరుసటి యేడు, 1916 జూలై 25 వ తేదీన, ఆ నగరము అమెరికాలో మొట్టమొదటి సమగ్ర జోనింగు శాసనమును చేసెను. ఎత్తు పెరిగినకొలది కట్టడము వీథినుండి వెనుకకు తగ్గవలెనని అది విధించెను. మెట్లుమెట్లుగా వెనుకకు తగ్గుచు పైకిబోవు న్యూయార్కు మేడల యాకారమున కిది కారణము.

న్యాయస్థానములు చెప్పినది

సొంత నేలలో కొంత ఖాళీగా విడువుమని చెప్పుటకు ప్రభుత్వమున కధికారము గలదా? అమెరికా సుప్రీముకోర్టు ఈ ప్రశ్నకు క్రమక్రమముగా నుత్తర మిచ్చినది. వర్జీనియాలోని రిచ్మండు పట్టణము ఒక వీథిలోని యజమానులలో మూడింట రెండు వంతులవారు కోరినచో అచ్చట కట్టడపు గీతను నిర్ణయింపవచ్చునని శాసించెను. 1912 లో నా న్యాయస్థానము దానిని కొట్టివేసెను. పొరుగువారి యిష్టాయిష్టములే శాసనముగా పరిణమించుట తగదని, ప్రజాక్షేమమును విచారించు ప్రమాణ మొకటి యుండవలెనని యా తీర్పులోని సారము.

1926 లో ఓహాయో రాష్ట్రపు యూక్లిడు గ్రామము చేసిన జోనింగు శాసనమును ఆ కోర్టే సమర్థించెను. మరుసటి యేడు, 1927 లో, వర్జీనియాలోని రోయనోకు పట్టణమునుండి వచ్చిన గోరీబు వ్యాజ్యెములో సెట్‌బ్యాకునే నేరుగా విచారించిరి. ఆ పట్టణమున క్రొత్త యిల్లు, అదే వరుసలోని పాతయిండ్లు వీథినుండి యెంత దూరమున నున్నవో ఆ దూరమునుబట్టి కట్టవలెను. వాది యొక యంగడిని వీథి యంచువఱకును గట్టదలచెను; కౌన్సిలు సుమారు 34 అడుగులు వెనుకకు పోయి కట్టుమని సెలవిచ్చెను. గాలి, వెలుతురు, అగ్నిభయనివారణ, వీథిచప్పుడునకు దూరము, మూలమలుపులయొద్ద బండ్లవారికి దారి కనబడుట మొదలగు ప్రయోజనములనుబట్టి యిట్టి నియమము న్యాయ్యమేయని కోర్టు తీర్పు చెప్పినది. యూక్లిడు తీర్పును ఈ తీర్పును వ్రాసినవాడు సదర్లండు అను న్యాయమూర్తియే.

ఎడముయొక్క రెండవ ముఖము

ఇంతవఱకు చెప్పినదంతయు ఎడముయొక్క ప్రసన్నముఖము. దానికి రెండవ ముఖ మున్నది. 1914 లో కెంటకీ రాష్ట్రపు లూయీవిల్లు పట్టణము నల్లవా రెక్కువగా నుండు వరుసలో తెల్లవారును, తెల్లవా రెక్కువగా నుండు వరుసలో నల్లవారును కాపురముండరాదని శాసించెను. 1917 లో సుప్రీముకోర్టు ఆ శాసనమును రద్దుచేసెను. కాని మనసులోని కోరిక కోర్టు తీర్పుతో నశింపదు. వర్ణము పేరెత్తకయే అదే ఫలమును సాధించు మార్గములు దొరకినవి. ఒక్కొక్క యింటికి ఇంత విశాలమైన నేల యుండవలెను, ఇన్ని యడుగుల యెడ ముండవలెను, ఒక స్థలమున నొక్క కుటుంబమే యుండవలెను అని నియమించినచో, బీదవాడు రాలేడు. అమెరికాలో ఆ కాలమున బీదవాడనగా తరచుగా నల్లవాడు.

యూక్లిడు వ్యాజ్యెమును 1924 లో క్రిందికోర్టులో విన్న వెస్టెన్‌హేవరు అను న్యాయాధిపతి ఈ సంగతిని దాచక చెప్పినాడు. ఈ శాసనముయొక్క ఫలము జనులను వారి యాదాయమునుబట్టి తరగతులుగా విభజించి వేఱుచేయుటయే యని యాతని యభిప్రాయము. పైకోర్టు ఆతని తీర్పును త్రోసివేయుటయేగాక, విడియిండ్ల నడుమ లేచు బహుకుటుంబ నివాసమును పరాన్నజీవితో పోల్చెను. ఆ యొక్క యుపమానము శతాబ్దమువఱకు అమెరికా పట్టణముల రూపమును శాసించినదన్నను అతిశయోక్తి కాదు.

ఇది పరదేశపు కథయని మనము తేలికపడుటకు వీలులేదు. ఊరికి దూరముగా కొన్ని కులములవారి యిండ్లనుంచి, ఆ దూరమునకు ఆచారమని పేరు పెట్టినవారము మనము. గాలికొఱకు విడిచిన యెడము వేఱు. మనుష్యుని రానీయకుండుటకు విడిచిన యెడము వేఱు. కొలబద్దతో కొలిచినచో రెండును అన్నే యడుగులుండవచ్చును. వానిని వేఱుపరుచునది వివేక మొక్కటియే.

సడలింపు పుట్టుక

శాసనము చేసినవారికి దాని కాఠిన్యము తెలియకపోలేదు. 1916 నాటి న్యూయార్కు శాసనముతోపాటే సడలింపులను విచారించు సభ యేర్పడెను. పిదప వాణిజ్యమంత్రిగా నుండిన హెర్బర్టు హూవరు కాలమున, 1924 లోను 1926 లోను, ఆ శాఖవారు రాష్ట్రములకొఱకు మాదిరి చట్టమును ప్రకటించిరి. దానిప్రకారము ప్రతి పట్టణమునకును అయిదుగురు సభ్యులుగల సవరణసభ యుండవచ్చును. ఒక్కొక్క స్థలముయొక్క ప్రత్యేకస్థితివలన నియమమును అక్షరశః పాటించుట యనవసరమైన కష్టమును గలిగించునప్పుడు, నియమముయొక్క యాశయము చెడకుండ నా సభ సడలింపు నీయవచ్చును. అందులకు అయిదుగురిలో నలుగురి సమ్మతి కావలెను. విచారణ బహిరంగముగా జరుగవలెను.

కష్టమనగా నేమి? 1939 లో న్యూయార్కు రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము, నివాసప్రాంతమున స్కేటింగుశాల కట్టదలచిన యొకని వ్యాజ్యెములో మూడు పరీక్షలను చెప్పెను. నియమమును పాటించినచో ఆ నేలనుండి న్యాయమైన ఫలము రాకుండవలెను. కష్టము ఆ స్థలమునకు ప్రత్యేకమై, ఆ ప్రాంతమున కంతటికి సామాన్యము కాకుండవలెను. సడలింపువలన ప్రాంతపు స్వభావము మారకుండవలెను. ఇవి నేలయొక్క యుపయోగమును మార్చు సడలింపులకు చెప్పబడినవి; కొలతలకు సంబంధించిన సడలింపులకు పరీక్ష పెక్కుచోట్ల నింతకన్న సులభము. ఐనను లాభము తగ్గుననుట కష్టము కాదనియు, తాను తెచ్చిపెట్టుకొన్న కష్టమునకు సానుభూతి లేదనియు సామాన్యముగా నంగీకరించిన సూత్రములు.

ఇప్పుడు మొదట చెప్పిన టౌన్‌హౌసుల దరఖాస్తును లెక్కవేసి చూతము. 60 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవుగల స్థల మున్నదనుకొందము. ముందు 25, వెనుక 25, ప్రక్కల 8 చొప్పున అడుగులు విడువవలెనన్నచో, 7,200 చదరపుటడుగులలో కట్టుటకు మిగులునది 44 అడుగుల వెడల్పును 70 అడుగుల పొడవును, అనగా 3,080 చదరపుటడుగులు. సగమునకు మించిన నేల ఖాళీ. ఒక్క కుటుంబపు విడియింటి కిది చాలును. 20 అడుగుల వెడల్పుగల నాలుగిండ్ల వరుసకు 80 అడుగులు కావలెను, పది తక్కువ. పెరటి యెడమును 25 నుండి 15 కు తగ్గింపుడని నిర్మాత ప్రార్థించును.

శాస్త్రప్రకారము చూచినచో ఆతని ప్రార్థన బలహీనము. స్థలమున వంకర లేదు, గుంట లేదు, రాతిబండ లేదు. మూడిండ్లు కట్టుకొన్నచో సడలింపే యక్కఱలేదు. ఆతని కష్టము ఆ పట్టణమునకంతకును సామాన్యమైన కష్టమే. విడియింటిని మనసులో నుంచుకొని గీసిన గీతలలో వరుసయిల్లు ఇముడకుండుటయే ఆ కష్టము. సామాన్యమైన కష్టమునకు మందు నియమమును మార్చుటయేగాని, ఒక్కొక్కనికి దయచూపుట కాదు. ఈ తత్త్వమును గ్రహింపక, చెడ్డ నియమమును పదిలముగా నుంచి, వేలకొలది సడలింపులతో దానిని నడిపించుట పెక్కు పట్టణములకు వాడుకయైనది. 1962 లో కెంటకీలోని లెక్సింగ్టను పట్టణపు సవరణసభను పరిశీలించిన యిద్దఱు పండితులు తమ వ్యాసమునకు శీర్షికలోనే దుష్పాలన యను మాటను చేర్చిరి. నియమము కఠినమై, దయ సులభమైనచోట, పలుకుబడి గలవాడు దయను పొందును. లేనివాడు నియమమును పాటించును.

సభలో లేనివారు

విచారణసభలో పొరుగువారు చెప్పు మాటలు తేలికగా త్రోసివేయదగినవి కావు. తన పెరటిచెట్లపై పడవలసిన యెండను మూడంతస్తుల గోడ యాపునని చెప్పు వృద్ధురాలి మాట నిజము. నేల నంతయు సిమెంటుతో కప్పినచో వాననీరు ఎక్కడికి పోవుననుట నిజమైన ప్రశ్న. టెక్సాసులోని హ్యూస్టనువారు 2017 నాటి హార్వీ తుపానున ఆ ప్రశ్నను నిలువులోతు నీటిలో నిలిచి వేసికొనిరి. అగ్నిమాపక బండ్లకు దారి యుండవలెననుటయు నిజము. వీనికి కొలతలతో, లెక్కలతో సమాధానము చెప్పవలెను.

కాని యా సభకు రానివా రున్నారు. ఆ నాలుగిండ్లలో కాపురముండబోవు నాలుగు కుటుంబములవారు అచ్చట లేరు. వారెవ్వరో వారికే యింకను తెలియదు. బడిలో పాఠము చెప్పు నుపాధ్యాయిని కావచ్చును, ఆసుపత్రిలో రాత్రిపని చేయు దాది కావచ్చును. తాను పనిచేయు నూరిలో ఇల్లు దొరకక, దినమునకు రెండుగంటలు బండిలో గడుపుచున్నవారు కావచ్చును. ఉన్నవారికే నోటీసు పోవును, రాబోవువారికి పోదు. ఈ యొక్క లోపమువలన విచారణ పద్ధతి యంతయు ఉన్నవారివైపు మొగ్గియున్నది. వారు దుర్మార్గులు గానక్కఱలేదు; తమ కంటికి కనబడు నష్టమును చెప్పుకొనుచున్నారు. కనబడనివారి లాభమును చెప్పువారు లేరు.

ఇటీవల కొన్ని రాష్ట్రములు ఈ లోపమును గుర్తించినవి. హ్యూస్టను నగరము జోనింగును 1948, 1962, 1993 సంవత్సరములలో మూడుమారులు వోటుచేసి తిరస్కరించినది. ఐనను ఇంటికి కావలసిన కనీసపు నేలను అచ్చటి శాసనము నిర్ణయించుచుండెను. 1998 లో నగరమధ్యభాగమున దానిని, కొన్ని షరతులతో, 1,400 చదరపుటడుగులవఱకు తగ్గించిరి. 2013 లో నగరమంతటికిని విస్తరింపజేసిరి. పాతయిల్లొకటి యున్నచోట మూడేసి టౌన్‌హౌసులు లేచినవి. పాతవరుసలవారు తమ వీథికి మాత్రము పాత కొలతలనే యుంచుడని దరఖాస్తు పెట్టుకొనుటకును వీలు కల్పించిరి. 2018 లో మినియాపోలిసు నగరము ఒక్క కుటుంబమునకే యను నియమమును తీసివేయుటకు నిశ్చయించెను. 2019 లో ఓరెగాను రాష్ట్రము పెద్ద పట్టణములన్నియు టౌన్‌హౌసులకు చోటీయవలెనని చట్టము చేసెను. 2021 లో కాలిఫోర్నియా చేసిన చట్టము, అది వర్తించు నిండ్లకు ప్రక్కలను వెనుకను నాలుగడుగులకు మించిన యెడమును పట్టణములు కోరరాదనెను. దయనుండి నియమమునకు మరలుట యనగా నిదియే.

మనకు గల పాఠము

మన పట్టణములందును ఎడమును గూర్చిన నియమములకు కొఱత లేదు. 1920 నాటి మద్రాసు పట్టణనిర్మాణ చట్టమునుండి 2012 నాటి భవననిర్మాణ నియమములవఱకు కాగితముమీద నన్నియు గలవు. రోడ్డు వెడల్పులో నేల పోగొట్టుకొన్నవారికి ఎడములో సడలింపును గలదు. కాని మన వాడుక వేఱు. అమెరికాలో సడలింపును కట్టకముందు కోరుదురు. మనలో పెక్కుమంది కట్టిన పిమ్మట కోరుదురు. అనుమతి రెండంతస్తులకు పొంది మూడవది లేపుట, ప్రక్కనుండవలసిన సందును గదిలో కలుపుకొనుట, పిదప ప్రభుత్వము ప్రకటించు క్రమబద్ధీకరణ పథకమునకు ఎదురుచూచుట పరిపాటియైనది. 2007 చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందును, 2015 లో రెండు తెలుగు రాష్ట్రములందును అట్టి పథకములు వచ్చినవి.

ఈ పద్ధతిలో పొరుగువానికి నోటీసు లేదు, సభ లేదు, కారణము చెప్పనక్కఱలేదు. దండుగసొమ్ము ప్రభుత్వమునకు చేరును. పోయిన వెలుతురు పొరుగింటి వంటగదిలో పోయినదిగనే యుండును. పగలును దీపము పెట్టుకొను నా యిల్లాలికి ఖజానాలో జమయైన సొమ్ములో నొక కాసైన రాదు. నియమమును నమ్మి ఎడము విడిచినవాడు తెలివిమాలినవాడుగను, మ్రింగినవాడు చతురుడుగను లోకమున చెలామణియగుట యన్నింటికన్న పెద్దనష్టము. అమెరికావారి విచారణలో ఎన్ని లోపములున్నను, గోడ లేవకముందే పొరుగువానిని పిలిచి, నీకేమైన నష్టమా యని యడుగు మర్యాద యందు గలదు. ఆ మర్యాద కౌటిల్యునకును తెలిసినదే.

కాబట్టి యీ చరిత్రమునుండి గ్రహింపదగినది క్లుప్తముగా నిది. గోడనుగాని యెడమునుగాని దానంతట పూజింప బనిలేదు. అది యెవరికి వెలుతురునిచ్చుచున్నది, ఎవరిని వెలుపల నుంచుచున్నది యని విచారింపవలెను. నియమము పదిమందికిని కష్టము కలిగించుచున్నచో నియమమును దిద్దవలెను. ఒక్కనికి మాత్రమే కలిగించినచో వానికి సడలింపు నీయవలెను. ఆ సడలింపు కట్టకముందు, పదిమంది యెదుట, కారణము చెప్పి యీయవలెను. ఈయునప్పుడు సభలో కూర్చున్నవారి మాటలతోపాటు, ఇల్లు దొరకక యింకను దారిలోనే యున్నవారి మాటను గూడ ఒకరైనను తలపునకు తేవలెను.